హాస్టల్ పిల్లలు బండి దగ్గర తింటూనే కడుపు పాడవకుండా చూసుకోవడం ఎలా

కాకినాడలోనో భీమవరంలోనో హాస్టల్లో చేర్పించి వెళ్తూ ఇంట్లోవాళ్లు చెప్పే మాట ఒకటే, "బయట తిండి జోలికి పోకు". అది కుదిరే పని కాదు. సాయంత్రం ఐదింటికి ల్యాబ్ వదిలేసరికి మధ్యాహ్నం తిన్న అన్నం ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది, మెస్సులో రాత్రి భోజనం పెట్టడానికి ఇంకా చాలా టైముంటుంది, గేటు దాటితే మూకుట్లో పుణుగులు తేలుతుంటాయి, పక్క బండి మీంచి పెసరట్టు వాసన వస్తుంటుంది, జేబులో ముప్పై రూపాయలున్నా కడుపు నిండే చోటు అదే. అందుకని తినొద్దని నేను చెప్పను. ఏ బండి దగ్గర, ఏది, ఎప్పుడు, ఎలా తినాలో తెలుసుకుని తినమని చెప్తాను.

మొత్తం ఇదంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది, దాన్ని మాత్రం మర్చిపోకండి: పొయ్యి మీంచి దిగాక దీంట్లో ఏం కలిసింది?

ఎందుకంటే కాగిన నూనెలోనో, పెనం మీదో, ఆవిరి మీదో బాగా ఉడికినప్పుడు కడుపు పాడుచేసే క్రిములు దాదాపు అన్నీ చస్తాయి. ఆ తర్వాత కలిసే వాటితోనే గొడవంతా. పచ్చి ఉల్లిపాయ ముక్కలు, మధ్యాహ్నం రుబ్బిన కొబ్బరి చట్నీ, డబ్బులు తీసుకున్న చెయ్యి, బకెట్లో ముంచి తీసిన ప్లేటు, ఐసు ముక్క. దీనికి టైము కూడా తోడవుతుంది. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో ఉన్న తిండిలో బ్యాక్టీరియా పెరుగుతూ పోతుంది, అనుకూలంగా ఉంటే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మన కోస్తా ఉక్కపోతలో బయట పెట్టిన గిన్నె ఏదైనా ఆ మధ్యలోనే ఉంటుంది. పొద్దున్న వండి అలా ఉంచేసిన కూర ఏసీ హోటల్లో తినడం కంటే, మీ కళ్లముందు మూకుట్లోంచి తీసిన బజ్జీ తినడం చాలాసార్లు నయం. బండికి వేసిన రంగూ, లైట్లూ చూసి మోసపోకండి.

1. మొదటి రోజు కొనకుండా కాసేపు నిలబడి చూడండి

కొత్త ఊళ్లో చేరిన వారంలో ఈ పని చెయ్యండి. పది నిమిషాలు చాలు. స్నేహితుడి కోసం ఆగినట్టు పక్కన నిలబడి, ముందు నీళ్లు చూడండి. ప్రతి బండికీ రెండు రకాల నీళ్లుంటాయి, తాగడానికి పెట్టినవి, కడగడానికి వాడేవి. తాగే నీళ్లు ఎక్కువమంది వాటర్ టిన్నులో తెచ్చుకుంటారు, అది కనపడేలా పైనే పెడతారు. కడిగే నీళ్లు బండి కింద బకెట్లో ఉంటాయి, మీరు చూడాల్సింది వాటినే. అదే బకెట్లో ఎంగిలి ప్లేట్లు ముంచి, అదే నీళ్లతో కొత్తిమీర కడిగి, అదే నీళ్లు పిండిలో పోస్తున్నారంటే ఆ బండి దగ్గర నూనెలోంచి తీసింది తప్ప ఇంకేదీ తినకండి, దాన్ని కూడా సొంత డబ్బాలో పెట్టించుకోండి.

మన డెల్టాలో నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పైప్రాంతాల నుంచి వచ్చి చదువుకునేవాళ్లకి ఇది తెలియదు. సముద్రం దగ్గరి మండలాల్లో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్లే పడతాయి. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కాలువల్లో వచ్చే గోదావరి నీళ్లని మంచినీళ్ల చెరువుల్లో నింపుకుని, ఫిల్టర్ చేసి కుళాయిలకి వదులుతారు. అదే కాలువలో గేదెల్ని కడుగుతారు, బట్టలుతుకుతారు, ఊళ్ల మురుగూ కొంత కలుస్తుంది. కాలువ పక్కనే బండి పెట్టినవాళ్లు చేతికందే నీళ్లు కదా అని ప్లేట్లు వాటితోనే కడిగేస్తే అడిగేవాళ్లుండరు. ఇక టిన్ను నీళ్లు ఎప్పుడూ శుభ్రమే అనుకోవడం కూడా పొరపాటు. ఆర్ఓ ప్లాంటు నుంచి వచ్చిన నీళ్లలో క్లోరిన్ మిగలదు కాబట్టి, టిన్ను సరిగ్గా కడగకపోయినా, మూత తీసి లోపల గ్లాసు ముంచినా, క్రిమి చేరితే చంపేది ఏమీ ఉండదు. కుళాయి తిప్పి పట్టుకునే టిన్ను అయితే సరే, చెంబు ముంచి తీసేదైతే తాగకండి.

నీళ్ల తర్వాత చెయ్యి. వండే మనిషే డబ్బులు తీసుకుంటున్నాడా, ఇంకొకరు తీసుకుంటున్నారా? భార్యాభర్తలిద్దరూ కలిసి నడిపే బండి అయితే ఒకరు వేస్తుంటే ఒకరు చిల్లర చూసుకుంటారు, నేను అలాంటి బండ్లనే ఇష్టపడతాను. ఫోన్‌పే వచ్చాక ఈ విషయంలో కొంచెం మేలు జరిగింది, నోట్లు పట్టుకోవడం తగ్గింది. వేలికి దెబ్బ తగిలి గుడ్డ చుట్టుకుని పిండి కలుపుతున్నా, జలుబుతో తుమ్ముతూ వడ్డిస్తున్నా ఆ రోజుకి వేరే చోటికి వెళ్లండి. పుండులో ఉండే స్టాఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా తిండిలో పడి విషం తయారుచేస్తే, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు.

చట్నీ గిన్నెకి మూతుందో లేదో, బండి మురుగు కాలువ పలక మీదే ఉందా, చెత్తబుట్ట ఎంత దూరంలో ఉంది, ఈగలు వాలుతున్నాయా, ఇవి ఒక్క చూపులో తెలిసిపోతాయి. జనం ఎక్కువున్న బండి మంచిదని అందరూ చెప్తారు, నిజమే, సరుకు నిలవ ఉండకుండా అయిపోతుంది కాబట్టి. కానీ ఆ రద్దీలోనే ప్లేట్లు కడగడం కూడా గాలికి వదిలేస్తారు. జనం ఉండాలి, ప్లేటుకి వేరే ఏర్పాటూ ఉండాలి.

ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కాగితం తగిలించి ఉంటే దాని మీద 14 అంకెల నంబరు ఉంటుంది. చిన్న బండివాళ్లు కూడా ఇది తీసుకోవాలి. కాగితం ఉన్నంత మాత్రాన చట్నీ తాజాదని కాదు, అయినా ఆ మనిషి పద్ధతిగా చేసుకోవాలనుకుంటున్నాడని అర్థం. లేకపోతే ఆన్‌లైన్లో ఎలా పెట్టాలో మీరే చూపించండి, చదువుకుంటున్నవాళ్లు మీరు, అరగంట పని.

2. అడగడం నేర్చుకోండి

చాలామంది ఇక్కడే మొహమాటపడతారు. పెద్ద మాటలేం అక్కర్లేదు. "బాబాయ్, ఇప్పుడు వేసే వాయిలోంచి ఇవ్వండి, ఆగుతాను" అంటే ఏ బజ్జీల బాబాయీ కోప్పడడు. "పిన్నిగారూ, చట్నీ ఎప్పుడు చేశారండీ?" అని నవ్వుతూ అడిగితే నిజమే చెప్తారు, మన గోదావరివాళ్లకి అడిగినదానికి మర్యాదగా చెప్పడం అలవాటు. "పైన ఉల్లిపాయలు వద్దండి", "చట్నీ వద్దు, కారప్పొడి వెయ్యండి", "ఐసు లేకుండా ఇవ్వండి". ఈ మూడు మాటలతో చాలా జబ్బులు తప్పించుకోవచ్చు. రోజూ వెళ్లే బండి ఒకటి పెట్టుకుంటే ఇంకా మంచిది, ముఖం గుర్తుపడతారు, మీకు పాతది వెయ్యరు.

3. ఏది తినొచ్చో, దేనితో జాగ్రత్తో

ఇడ్లీ, అట్టు, పెసరట్టు. కళ్లముందు దిగినవైతే నిశ్చింతగా తినండి. కోనసీమ వైపు ఉన్నవాళ్లకి పొట్టిక్కలు దొరుకుతాయి, పనసాకు బుట్టలో ఆవిరి మీద ఉడికి, తినేదాకా ఆ బుట్టలోనే ఉంటాయి, చెయ్యి తగలదు, బయటి ప్లేటుతో పనుండదు. అంతకంటే శుభ్రమైన టిఫిన్ నాకు తెలియదు. వీటన్నిటితో వచ్చే చిక్కల్లా చట్నీ. కొబ్బరి చట్నీ పచ్చిది, నీళ్లు పోసి రుబ్బుతారు, ఎండాకాలంలో ఉదయం ఏడింటికి చేసింది పదకొండింటికే పులుపెక్కుతుంది. నాలిక మీద కొంచెం పెట్టుకుని చూడండి, పులిసిన వాసనొస్తే పక్కన పెట్టేయండి. రుచి బాగున్నా మంచిదని గ్యారంటీ లేదు కాబట్టి, టిఫిన్ సెంటరుకి ఆలస్యంగా వెళ్లిన రోజు కారప్పొడి, నెయ్యి అడగండి. అల్లం చట్నీలో చింతపండు, బెల్లం, కారం ఎక్కువ కాబట్టి కొబ్బరి చట్నీ కంటే బాగా ఆగుతుంది. బొంబాయి చట్నీ పొయ్యి మీద పొగలు కక్కుతూ ఉంటేనే.

పుణుగులు, మిర్చి బజ్జీ, గారెలు. వీటిలో నూనెని చూడాలి. వాడిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తే దాంట్లో చెడు పదార్థాలు చేరతాయి. వాటిని టోటల్ పోలార్ కాంపౌండ్స్ అంటారు, అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. బండి దగ్గర కొలిచే మిషన్ ఎవరి దగ్గరా ఉండదు, మన కళ్లే. నూనె నల్లబడి జిగటగా ఉన్నా, పిండి వెయ్యకముందే పొగ వస్తున్నా, పైన తగ్గని నురగ తేలుతున్నా, బజ్జీ చల్లారాక ఘాటైన పాత వాసన వచ్చినా అది నిన్నటిదో మొన్నటిదో. సాయంత్రం నాలుగింటికి బండి తెరిచేటప్పుడు మూకుట్లో ఏం పోస్తున్నారో ఒకసారి చూడండి, కొత్త ప్యాకెట్ కోస్తున్నారా, నల్ల డబ్బాలోంచి వంచుతున్నారా అన్నది అక్కడ తెలిసిపోతుంది. ఇంకొకటి, కొందరు బజ్జీలు సగం వేయించి పక్కన పోసి, అడిగినప్పుడు మళ్లీ వేయించి ఇస్తారు. వేడిగా చేతికొస్తుంది గానీ లోపలిదాకా కాగిందో లేదో విరిచి చూసుకోండి. చీల్చిన మిర్చిలో కూరే పచ్చి ఉల్లిపాయలు, నిమ్మరసం రుచే వేరు, కాదనను, అవి మీ ముందు తరిగినవైతే వేయించుకోండి.

ఫ్రైడ్ రైస్, నూడుల్స్. రాత్రి ఎనిమిది తర్వాత హాస్టల్ పిల్లలంతా ఫాస్ట్ ఫుడ్ బండి దగ్గరే ఉంటారు కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్తాను. పెద్ద మంట మీద ఎగరేసి వేయిస్తాడు, ఇంత వేడిలో ఏ క్రిమి బతుకుతుందిలే అనిపిస్తుంది. కానీ అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది, దాని బీజాలు బియ్యం ఉడికినా చావవు. మధ్యాహ్నం వార్చిన అన్నం పెద్ద బేసిన్లో కుప్పగా పోసి రాత్రిదాకా ఉంచితే, కుప్ప మధ్యలో గోరువెచ్చగానే ఉండి, అక్కడ ఆ బీజాలు మొలకెత్తి విషం చేస్తాయి. ఆ విషం రాత్రి వేయించేటప్పటి వేడికి పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి, పిల్లలు మాత్రం "చికెన్ పడలేదు" అనుకుంటారు. అందుకని అన్నం ఎప్పుడు వండారో అడగండి, పొడిపొడిగా వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి మూతేసి ఉంటే కొంత నయం, బేసిన్లో ముద్దకట్టి చెమ్మగా ఉంటే వద్దు. నూడుల్స్ కూడా ఉడకబెట్టి నూనె రాసి పెట్టేస్తారు, అదే లెక్క. పదిన్నరకి బండి కట్టేసే ముందు అడుగున మిగిలింది తక్కువకి ఇస్తానంటే మాత్రం తీసుకోకండి.

చికెన్ పకోడి, జాయింట్లు. ఎముక దగ్గర గులాబీ రంగు రసం కారితే తిరిగి ఇచ్చేయండి, మళ్లీ వేయించమనండి. ఎర్రగా నిప్పులా మెరిసే రంగు కారం వల్ల రాదు, రంగు పొడి వల్ల వస్తుంది, వేలికి అంటుకుని సబ్బుతో కడిగినా పోకపోతే తెలిసిపోతుంది. కర్ణాటకలో 2024లో పీచుమిఠాయి, గోబీ మంచూరియాల్లో కృత్రిమ రంగుల్ని నిషేధించారు, ఆ తర్వాత కబాబ్‌లకీ వర్తింపజేశారు. రొయ్యలు, చేపల వేపుడు మన దగ్గర తాజాగా దొరుకుతాయి, అదృష్టమే, కానీ వేయించే ముందు అవి ఐసు మీద ఉన్నాయో, ఎర్ర మసాలా పూసి ట్రేలో ఎండకి ఉన్నాయో చూడండి.

షవర్మా, మోమోలతో ఇచ్చే తెల్లటి మయోనైజ్ అసలు ముట్టుకోవద్దని నా గట్టి మాట. చాలాచోట్ల పచ్చి గుడ్డుతో చేస్తారు, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాకి అది చక్కటి ఇల్లు. తెలంగాణలో 2024 అక్టోబరు 30న పచ్చి గుడ్డు మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించారు, తమిళనాడులో 2025 ఏప్రిల్లో నిషేధించారు.

పానీపూరీ గురించి ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ అడుగుతారు, తినొచ్చా అని. పూరీ వేయించిందే, బఠాణీ కూర పెనం మీద ఉడుకుతుంటే అదీ ఫర్వాలేదు. పానీ మాత్రం పచ్చి నీళ్లు, పచ్చి పుదీనా, దాంట్లో రోజంతా మునిగే చెయ్యి. చింతపండు పులుపు వల్ల క్రిములు చస్తాయని ఎవరో చెప్తే నమ్మకండి. గరిటెతో పోసేవాళ్లున్నారు, టిన్ను నీళ్లు మీ ముందే పోసి కలిపేవాళ్లున్నారు, అలాంటివాళ్లు దొరికేదాకా ఆగండి. లేకపోతే పానీ లేకుండా వేడి కూరతో తినండి. ముంత మసాలా, పిడత కింద పప్పు మరమరాలతో పొడిగా చేస్తారు కాబట్టి చాలా నయం, ఉల్లిపాయ, టమాటా అప్పుడు తరిగితే చాలు.

చెరుకు రసం, సోడా, జ్యూసులు. మన దగ్గర ఐసు ఫ్యాక్టరీలు చాలావరకు రొయ్యల కోసం, చేపల కోసం పనిచేస్తాయి, దిమ్మలుగా వచ్చే ఆ ఐసు తాగే నీళ్లతో చెయ్యాలన్న పట్టింపు ఉండదు. దాన్నే గోనెసంచిలో చుట్టి, రోడ్డు మీద పెట్టి కొట్టి, చెరుకు రసంలో వేస్తారు. క్రిములు గడ్డకడతాయే గానీ చావవు, గ్లాసులో కరిగాక మళ్లీ లేస్తాయి. ఐసు లేకుండా అడగండి, గడ తుడిచి, నిమ్మకాయ మీ ముందు కోసి, తీసిన వెంటనే తాగండి. జగ్గులో ముందే తీసి పెట్టిన రసం వద్దు. పుచ్చకాయ, బొప్పాయి ముక్కలు కోసి అద్దాల పెట్టెలో పెట్టినవి కూడా వద్దు.

నిజానికి మనకి వీటన్నిటికంటే మంచివి రోడ్డు పక్కనే ఉన్నాయి. కొబ్బరి బొండాం, స్ట్రా లేకుండా అంచుకి నోరు పెట్టుకుని తాగండి. రావులపాలెం నుంచి వచ్చే అరటిపళ్లు, తొక్క ఉన్నవి. వేసవిలో తాటి ముంజెలు, మీ చేతులు కడుక్కుని మీరే వొలుచుకోండి. నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, అయితే ఆ నిమ్మచెక్కతో రాయించుకోకండి, అది పొద్దుట్నుంచి వందమంది పొత్తుల మీద తిరిగి ఉంటుంది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. తీపి కావాలంటే కాకినాడ కాజా, తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు ఉన్నాయి, నూనెలో వేగి పాకం పట్టినవి, తేమ లేకుండా పొడిగా ఉండేవి తొందరగా పాడవవు. పాలకోవా, క్రీము కేకు బయట గంటల తరబడి ఉన్నవైతే వాటితో ప్రమాదం ఎక్కువ.

4. ప్లేటు, కాగితం, కవరు

అరిటాకు ముక్క వేసి పెట్టే బండి మన ప్రాంతంలో ఇంకా చాలాచోట్ల ఉంది, అదే ఎంచుకోండి, ఆకు మీద మీ సీసాలో నీళ్లు కాస్త చల్లి తుడుచుకోండి. ప్లేటు మీద పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి దాని మీద వేడి ఇడ్లీ పెట్టేవాళ్లుంటారు, అది శుభ్రం కాదు. బజ్జీలు న్యూస్‌పేపర్లో చుట్టివ్వొద్దని ఆహార భద్రత సంస్థ 2016లో, మళ్లీ 2023లో చెప్పింది, అచ్చు సిరాలో సీసం లాంటివి నూనెకి కరిగి తిండిలోకి వస్తాయి కాబట్టి. బ్యాగులో చిన్న స్టీలు డబ్బా, ఒక చెంచా పెట్టుకుంటే ఈ సమస్య మొత్తం తీరిపోతుంది.

5. మీ చెయ్యి, మీ సీసా

బస్సు రాడ్డు, ఫోను, రికార్డు పుస్తకాలు పట్టుకున్న చేత్తోనే పుణుగు తింటాం, తర్వాత బాబాయ్‌ని అంటాం. పేపర్ సబ్బు జేబులో పెట్టుకోండి, ఇరవై సెకన్లు రుద్దండి. జిడ్డు చేతికి శానిటైజర్ సరిగా పనిచెయ్యదు. నీళ్ల సీసా రోజూ లోపల బ్రష్ పెట్టి కడగండి, మూత గాడి కూడా.

6. పార్సిల్ తెచ్చుకుంటే

హాస్టల్లో పదిమందికి కలిపి ఒకరు పార్సిల్ తేవడం మామూలే. మరిగే సాంబారు ప్లాస్టిక్ కవర్లో పోయించి రబ్బరు బాండు వేయించుకోవద్దు, డబ్బా పట్టుకెళ్లండి. రూముకి తెచ్చాక సినిమా అయ్యాక తిందాం అని పక్కన పెట్టొద్దు. వండినది బయట రెండు గంటలు దాటితే తినకూడదు, మే నెల ఎండల్లో అయితే గంటే. ఫ్రిజ్ లేని రూములో రాత్రి మిగిలిన బిర్యానీ పొద్దున్న తినడం గురించి ఇక వేరే చెప్పక్కర్లేదు.

7. కాలాన్ని బట్టి మార్చుకోండి

వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేస్తారు, చెరువుల్లో నిలవున్న నీళ్లు అడుగంటే కొద్దీ చిక్కబడతాయి. జూన్లో మళ్లీ వదిలినప్పుడు మొదట వచ్చే నీళ్లు కాలువలోని చెత్తనంతా మోసుకొస్తాయి. జూలై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు వస్తుంది, వరదకి నది మధ్యలో ఉండే లంకలు మునుగుతాయి, మురుగూ మంచినీళ్లూ కలిసే అవకాశం అప్పుడే ఎక్కువ, పైగా ఈగలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాత్రం పానీపూరీ, ఐసు, పచ్చి ముక్కలు పూర్తిగా మానేసి వేడివి మాత్రమే తినండి, తాగే నీళ్లు కాచి చల్లార్చుకోండి, హాస్టల్లో ఎలక్ట్రిక్ కెటిల్ ఒప్పుకోకపోతే మెస్సు వంటమనిషిని అడిగితే కాచి ఇస్తారు.

8. అయినా కడుపు పాడైతే

ముందు ఎప్పుడు మొదలైందో చూసుకోండి. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులైతే అన్నంలోనో కోవాలోనో ముందే తయారైన విషం అయుండొచ్చు, చాలావరకు ఒక రోజులో తగ్గుతుంది. సాల్మొనెల్లా అయితే ఆరు గంటల నుంచి ఆరు రోజుల్లోపు విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి. టైఫాయిడ్ బయటపడటానికి ఒకటి నుంచి మూడు వారాలు, హెపటైటిస్ ఎ కామెర్లకి రెండు నుంచి ఏడు వారాలు పడుతుంది. మా పక్క రూము కుర్రాడికి సరిగ్గా సెమిస్టర్ ముందు కామెర్లు వచ్చి పరీక్షలు పోయాయి, నెల కిందట ఎక్కడ ఏం తాగాడో ఎవరికి గుర్తుంటుంది? అందుకే నిన్న తిన్నదాని మీదే అనుమానం పెట్టుకోకండి. ఈ రెండు జబ్బులకీ టీకాలున్నాయి, హాస్టల్లో చేరేముందు డాక్టర్ని అడిగి వేయించుకోండి.

వెంటనే చెయ్యాల్సింది ఓఆర్ఎస్. ప్యాకెట్ మొత్తం, దాని మీద రాసినన్ని (పెద్ద ప్యాకెట్‌కి ఒక లీటరు) కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి, సగం ప్యాకెట్ గ్లాసులో వేసుకోవద్దు, ఉప్పు ఎక్కువై ఇంకా ప్రమాదం. కలిపినది 24 గంటల్లో అయిపోవాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాలతో మళ్లీ మొదలుపెట్టండి. మందుల షాపులో ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్నదే అడగండి. తియ్యటి పానీయాల పెట్టెల మీద ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకోవడాన్ని 2025 అక్టోబరులో ఆపించారు, అవి విరేచనాలకి పనికిరావు. అర్ధరాత్రి ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకి ఆరు సమానపు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో కొలిచి కలపండి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్ శరణార్థి శిబిరాల్లో కలరా వచ్చి సెలైన్లు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ఉప్పు, గ్లూకోజు నీళ్లు తాగించే ఎంతోమందిని బతికించాడు. మన కొబ్బరి నీళ్లు, మజ్జిగ, గంజి తోడుగా తాగండి, అవే మందు అనుకోకండి.

విరేచనాలు ఆపే మాత్ర జ్వరం ఉన్నా, రక్తం పడుతున్నా వేసుకోకూడదు. రూమ్మేట్ దగ్గర మిగిలిన యాంటీబయాటిక్ అసలు వద్దు. నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, లేస్తే కళ్లు తిరుగుతున్నా, జ్వరం ఎక్కువగా ఉన్నా, కళ్లు పచ్చబడినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి, 108కి ఫోన్ చెయ్యండి. బాత్రూం చుట్టూ తిరుగుతున్నానని చెప్పుకోవడానికి సిగ్గుపడి రాత్రంతా ఒక్కళ్లే పడుకునేవాళ్లున్నారు, ముఖ్యంగా కొత్తగా చేరిన పిల్లలు. పక్క మంచం మీదున్నవాళ్లని లేపండి. కామెర్లకి పసరు వేయించుకుందాం అని ఊరెళ్లేవాళ్లకి చెప్పేది ఒక్కటే, ముందు రక్త పరీక్ష చేయించి లివరు సంగతి డాక్టరుకి చూపించండి.

9. ఒక్కరికి మించి పడితే ఊరుకోవద్దు

ఒకే చోట తిన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే అది మీ అరుగుదల సమస్య కాదు. వార్డెన్‌కి చెప్పండి, హాస్టల్ మెస్సే కారణమైనా సరే భయపడకుండా చెప్పండి, మునిసిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కో జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కో రాసివ్వండి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. బండి మనిషి మీద అరిచి వీడియో తీసి పెట్టడం వల్ల అతని బతుకుతెరువు పోతుంది గానీ నీళ్ల బకెట్ మారదు, ముందు అతనితో నెమ్మదిగా మాట్లాడండి, వినకపోతే అప్పుడు ఆఫీసుకి వెళ్లండి. ఎవరెవరు, ఏం, ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి మొదలైంది అన్నది పేర్లతో ఒక కాగితం మీద రాసుకోండి. తిన్నదాంట్లో ఏమైనా మిగిలుంటే పారేయకుండా శుభ్రమైన డబ్బాలో మూతపెట్టి, మీద తేదీ, టైము రాసి, మెస్సు ఫ్రిజ్‌లో ఎవరూ ముట్టుకోని చోట పెట్టించండి, పరీక్షకి పంపడానికి వాళ్లు అదే అడుగుతారు.